ఆచార్య ధర్మానంద కోశాంబి: అరణ్యశాంతి నుంచి బహుజన విహారం దాకా

సూరత్ నగరంలో స్థిరపడిన తెలుగువారికి నిత్యక్రమమంటే మరమగ్గమే. తెలంగాణ పల్లెల నుంచి, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వచ్చి చేరిన చేనేత కుటుంబాలకు ఇక్కడ మగ్గం చప్పుడే గడియారం. ఆ చప్పుడుతో పొద్దు మొదలవుతుంది, షిఫ్టు మారినప్పుడు రోజు మారుతుంది. అయితే ఆ చప్పుడు హఠాత్తుగా ఆగిపోయిన రోజులను కూడా ఈ నగరం చూసింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో జనం రైళ్ళకు, బస్సులకు ఎగబడి ఊరు విడిచారు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మగ్గాలన్నిటినీ ఒక్కసారిగా మూయించింది. ఆ మూడు సందర్భాలలోనూ మగ్గాలు మౌనం వహించాయి గాని మనసులు మౌనం వహించలేదు. చప్పుడు ఆగగానే వచ్చింది శాంతి కాదు, భయం. ఇంటి అద్దె, బియ్యం, ఊరికి వెళ్ళే దారి అనే మూడు చింతలు ఆ నిశ్శబ్దంలో మరింత పెద్దగా వినిపించాయి.

అలవాటైన జీవనక్రమం తెగిపోయినప్పుడు మనిషి మనసు దేనిని ఆనుకొని నిలుస్తుంది? చెట్టు నీడ, నది ఒడ్డు, కొండ గుహ నిజంగా శాంతినిస్తాయా, లేక కష్టాన్ని కాసేపు మరపిస్తాయా? ఈ ప్రశ్నకు సిద్ధాంతంగా కాక జీవితంగా సమాధానమిచ్చిన మహనీయుడు ఆచార్య ధర్మానంద కోశాంబి. బౌద్ధాన్ని స్వీకరించిన మన కుటుంబాలలో బాబాసాహెబ్ అంబేడ్కర్ పేరు తెలియని ఇల్లు లేదు. కోశాంబి పేరు మాత్రం మనలో చాలామందికి ఆయన కుమారుడు, గణితవేత్త, చరిత్రకారుడు అయిన డి.డి. కోశాంబి తండ్రిగానే తెలుసు. ఆ లోపాన్ని కొంతైనా పూరించాలనే తలంపుతో ఈ సంచికలో ఆయన జీవితాన్ని సంక్షిప్తంగా సమర్పిస్తున్నాము.

కొబ్బరితోటల నీడలో

ధర్మానంద కోశాంబి 1876 అక్టోబరు 9న గోవాలోని సాంఖవాళ్ గ్రామంలో జన్మించారు. అప్పటికి గోవా పోర్చుగీసు పాలనలో ఉంది. వారిది గౌడ సారస్వత బ్రాహ్మణ కుటుంబం. తండ్రి పేరు దామోదర్. కుటుంబానికి ఆధారం కొబ్బరితోటలు. బాల్యంలో ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం, చదువు కూడా సక్రమంగా సాగలేదు. పదిహేనేళ్ళ ప్రాయంలో, 1891లో, బాలాబాయితో వివాహమైంది. ఇక మిగిలింది తోటపని, కాయల లెక్క, ఇంటి వ్యవహారం. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరి జీవితమైనా ఆ చట్రంలోనే పూర్తయ్యేది.

ఆయనలో ఒక అసంతృప్తి ఉండేది. తోటపనుల నడుమ దొరికిన మరాఠీ పుస్తకాలన్నీ చదివేవారు. 1897లో బాలబోధ అనే మరాఠీ మాసపత్రికలో బుద్ధుని గురించి వచ్చిన వ్యాసం ఆయన కంటబడింది. పిల్లల కోసం రాసిన చిన్న వ్యాసం అది. అయినా అది ఆ యువకుని మనసును పట్టుకొని వదలలేదు. గోవాలో బుద్ధధర్మం చెప్పగలవారు లేరు. పాళీ అనే భాష ఒకటి ఉందని తెలిసినవారు కూడా అరుదు. బుద్ధుని గురించి తెలుసుకోవాలంటే ముందు సంస్కృతం నేర్వాలని, అందుకు ఇల్లు విడవక తప్పదని ఆయన నిశ్చయించుకున్నారు.

1899 చివరలో ఆయన బయలుదేరారు. అప్పటికి పెద్ద కూతురు మాణిక్ పసిబిడ్డ. ఈ సంగతిని మేము మృదువుగా దాటవేయదలచుకోలేదు. సత్యాన్వేషణ కోసం ఇల్లు విడిచిన ప్రతి పురుషుని వెనుక ఒక ఇల్లాలి భారం ఉంది. బాలాబాయి ఆ భారాన్ని ఏళ్ళ తరబడి మోశారు. కోశాంబి సాధించినదానిలో ఆమె సహనానికి కూడా వాటా ఉందని గుర్తించకుండా ఆయన జీవితం చదవడం అన్యాయం.

పుణెలో ఆయన రామకృష్ణ గోపాల భండార్కర్ పండితుని దర్శించారు. అక్కడి నుంచి ఇండోర్, ఉజ్జయిని, గ్వాలియర్ మీదుగా కాశీ చేరి, అన్నసత్రాలలో భోజనం చేస్తూ సంస్కృతం అభ్యసించారు. 1902లో బుద్ధధర్మం సజీవంగా ఉంటుందన్న ఆశతో నేపాల్ వెళ్ళి, అక్కడి స్థితి చూసి నిరాశ చెందారు. బుద్ధగయ చేరారు. అక్కడి నుంచి కలకత్తా మహాబోధి సంఘం ద్వారా సింహళానికి దారి దొరికింది. కొలంబోలోని విద్యోదయ పరివేణంలో సుమంగళ మహాథేరుల వద్ద శ్రామణేరులై పాళీ భాషను నేర్చుకున్నారు. అక్కడి ఆహారం ఒంటికి సరిపడక 1903లో మద్రాసు చేరారు. పొకల లక్ష్మీనరసు వంటి విద్వాంసులు బుద్ధధర్మాన్ని హేతుబద్ధంగా బోధిస్తున్న కాలమది. అక్కడి నుంచి బర్మాకు పయనమయ్యారు.

ఈ మూడు నాలుగేళ్ళలో ఆయనకు నిలకడ గల దినచర్య అన్నది లేదు. భాష మారింది, తిండి మారింది, వేషం మారింది, తోడున్నవారు మారారు. ఒక ఆశ పెట్టుకున్న ప్రతిచోటా అది సగంలోనే తెగింది. బౌద్ధ దేశాలలో బుద్ధుని కాలం నాటి శాంతి సిద్ధంగా ఉంటుందని అనుకొని బయలుదేరిన వ్యక్తికి, అది ఏ దేశంలోనూ సిద్ధంగా ఉండదని, ఎవరికి వారు సాధించుకోవలసినదని బోధపడిన కాలం అది.

సగాయింగ్ కొండలు

రంగూన్‌లో కోశాంబి భిక్షువుగా ఉపసంపద పొందారు. అదే రోజులలో అక్కడ ఒక జర్మన్ యువకుడు కూడా భిక్షువయ్యాడు. ఆయనే తరువాతి కాలంలో పాళీ గ్రంథాల అనువాదకుడిగా ప్రఖ్యాతి గడించిన జ్ఞానతిలోక మహాథేరులు. గోవా తోటలలో పెరిగిన భారతీయుడు, ఐరోపా సంగీతం నేర్చిన జర్మన్, ఇద్దరూ ఎగువ బర్మాలోని సగాయింగ్ కొండలకు వెళ్ళి, అక్కడి గుహలో కొంతకాలం సమాధి, విపశ్యన సాధన చేశారు.

సగాయింగ్ ఐరావతి నది ఒడ్డున ఉంది. ఆ కొండల వరుసలో చెట్ల నడుమ విహారాలు, స్తూపాలు, ధ్యానగుహలు నేటికీ ఉన్నాయి. అక్కడ సాధకునికి చేయవలసిన పని అతి స్వల్పం. ఉదయం భిక్ష, ఒక పూట భోజనం, ఆ తరువాత శ్వాస, నడక, మౌనం. పరిచయమున్న మాట ఒక్కటీ వినిపించని ఆ చోట, అంతవరకు పుస్తకాలలో చదివిన ధర్మాన్ని ఆయన తన దేహంలోనే చదువుకొనడం ఆరంభించారు. తరువాతి కాలంలో ధ్యానమార్గం గురించి ఆయన పుస్తకం రాసినప్పుడు, దాని వెనుక నిఘంటువు ఒక్కటే కాక ఈ గుహ కూడా ఉంది.

భారతదేశానికి తిరిగి వచ్చాక భిక్షువుగా ఆయన సారనాథ్, కుశీనగర్ వంటి క్షేత్రాలు దర్శించారు. పద్నాలుగు శతాబ్దాల క్రితం చైనా యాత్రికులు వర్ణించిన స్థలాలు అప్పటికి పొలాల నడుమ ఇటుక దిబ్బలు. భక్తుల రద్దీ లేదు, దీపాల వరుసలు లేవు. చెట్లు, గడ్డి, పక్షులు, మట్టి మాత్రమే మిగిలిన ఆ చోట్లలో అనిత్యతను బోధించడానికి వేరొక ఆచార్యుడు అక్కరలేదు.

తిరిగి రావడం

కోశాంబి అక్కడే ఉండిపోయి ఉంటే ఆయన ఒక అరణ్యవాసి భిక్షువుగా మిగిలేవారు, మన ఈ సంచికలో ఆయనకు చోటు ఉండేది కాదేమో. 1906లో ఆయన కలకత్తా చేరారు. తాను పొందినది తన దేశవాసులకు, తన భాషలో అందాలంటే చీవరం కంటే అధ్యాపకుని స్థానం ఉపయోగకరమని భావించి గృహస్థ జీవితంలోకి మరలివచ్చారు. అక్కడ కొత్తగా ఏర్పడిన జాతీయ కళాశాలలోనూ, కలకత్తా విశ్వవిద్యాలయంలోనూ పాళీ బోధించారు. కుటుంబంతో తిరిగి కలిశారు. 1907లో కుమారుడు దామోదర్ జన్మించాడు.

ఇక్కడ సూరత్ వాసులమైన మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఆయనను గుర్తించి నెలకు 50 రూపాయల భృతి ఏర్పాటు చేశారు. మహారాష్ట్రలో ఎక్కడైనా ఉండవచ్చు, ఏడాదికొక పుస్తకం రాయాలి, అంతే నియమం. కలకత్తా విశ్వవిద్యాలయం నెలకు 250 రూపాయలు ఇవ్వడానికి సిద్ధపడినా, కోశాంబి 50 రూపాయలనే ఎన్నుకున్నారు. తన ప్రజల మధ్య ఉండడమే ఆయనకు ముఖ్యమయింది. నేటి సూరత్ జిల్లాలోని కామ్రేజ్ వంటి ప్రాంతాలు ఆనాడు ఆ గాయక్వాడ్ సంస్థానంలోని నవసారి విభాగానికి చెందినవే. అంటే మనం నివసిస్తున్న ఈ నేలలో కొంత భాగం చెల్లించిన పన్ను, మరాఠీలో బుద్ధధర్మం తిరిగి పలకడానికి తోడ్పడిందన్నమాట. బరోడాలో ఆయన చేసిన ప్రసంగాలు బుద్ధుడు, ధర్మం, సంఘం అనే పేరుతో పుస్తకమై వచ్చాయి.

ఆ సయాజీరావే 1913లో బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. ఒకే ప్రభువు ఆదరించిన ఈ ఇద్దరి అనుభవాలను పక్కపక్కన ఉంచి చూడకపోతే మన చర్చ అసత్యమవుతుంది. 1917లో బరోడా కొలువులో చేరిన బాబాసాహెబ్‌ను, కులం తెలిసినందున, బస చేసిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకున్న గుంపు వెళ్ళగొట్టింది. ఆశ్రయమడిగిన ఇద్దరు స్నేహితులూ ఏవో కారణాలు చెప్పి తప్పుకున్నారు. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదింటికి. అంతవరకు సుమారు ఐదు గంటలు ఆయన కామాఠీ బాగ్ ఉద్యానంలో గడిపారు. ఆ చెట్లు ఆయనకు నీడనిచ్చాయి గాని శాంతినివ్వలేదు. శూన్యమైన మనసుతో, తల్లిదండ్రులను తలచుకొని దుఃఖిస్తూ ఆయన అక్కడ కూర్చున్నారు. ఆ రాత్రి ఆయన ఎక్కిన బండి మన సూరత్ మీదుగానే సాగింది.

కోశాంబి ఇల్లు విడిచినది తన ఇష్టంతో. బాబాసాహెబ్‌కు ఇల్లే దొరకలేదు. ఒకరు బ్రాహ్మణ కులంలో పుట్టినందున కాశీ సత్రంలో అన్నం తినగలిగారు, మరొకరికి ఇంత గొప్ప చదువు చదివినా సత్రంలో చోటు లేకపోయింది. కాబట్టి ప్రకృతి ఒడిలో శాంతి అనే మాటను మనం జాగ్రత్తగా వాడాలి. చెట్టుకు కులం లేదు. చెట్టు కిందికి మనిషిని నడిపించే సమాజానికి ఉంది. అన్యాయం వలన కలిగిన దుఃఖానికి చెట్టు నీడ మందు కాదు. ఆ దుఃఖాన్ని తెలివితో చూడడానికి, ఆపైన లేచి నడవడానికి కావలసిన వ్యవధిని మాత్రం అది ఇవ్వగలదు. ఆ ఐదు గంటల తరువాత బాబాసాహెబ్ నడిచిన దారి మనకందరికీ తెలిసినదే.

చెట్టు మొదలు, ఖాళీ ఇల్లు

1910లో కోశాంబి అమెరికా వెళ్ళారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విశుద్ధిమగ్గ గ్రంథ పరిష్కరణకు ఆహ్వానం వచ్చింది. హెన్రీ క్లార్క్ వారెన్ అనే పండితుడు ఆరంభించి, మరణం వలన పూర్తి చేయలేకపోయిన పని అది. గ్రంథం మీద ఎవరి పేరు ఎలా ఉండాలన్న విషయంలో ప్రొఫెసర్ లన్మన్‌తో విభేదం ఏర్పడి, 1912లో కోశాంబి తిరిగి వచ్చి పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో పాళీ ఆచార్యులయ్యారు. పి.వి. బాపట్ వంటి గొప్ప పాళీ పండితులు అక్కడ ఆయన శిష్యులే. తరువాత 1918లోనూ, ఆపైన మరల మరల అమెరికా వెళ్ళి, ఆ పని పూర్తి చేశారు. హార్వర్డ్ ప్రచురణ మాత్రం 1950లో, ఆయన మరణించిన మూడేళ్ళకు గాని వెలువడలేదు. ఈలోగా 1940లో బొంబాయిలో భారతీయ విద్యాభవన్ ద్వారా దేవనాగరిలో ఆ గ్రంథాన్ని ఆయన ప్రకటించారు.

ఈ గ్రంథానికీ తెలుగు నేలకూ సంబంధం ఉంది. విశుద్ధిమగ్గ కర్త బుద్ధఘోషుడు ఉత్తరాది బ్రాహ్మణుడని ప్రచారంలో ఉన్న కథను కోశాంబి అంగీకరించలేదు. ఆ ఆచార్యుడు దక్షిణాపథంవాడు, తెలుగు ప్రాంతంవాడు అన్నది ఆయన అభిప్రాయం. పల్నాడులోని కోటనెమలిపురిని బుద్ధఘోషుని ఊరుగా గుర్తించే పండితులు కూడా ఉన్నారు. ఏది ఏమైనా, అమరావతి, నాగార్జునకొండ, ధూళికట్ట, ఫణిగిరి స్తూపాల నేల నుంచి వచ్చిన మనకు ఆ గ్రంథం పరాయిది కాదు.

అరణ్యశాంతి గురించి ఆ గ్రంథం చెప్పినది మన ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంది. సాధకుడు స్వీకరించదగిన పదమూడు ధుతాంగాలలో అరణ్యవాసం ఒకటి, చెట్టు మొదట ఉండడం ఒకటి, పైకప్పు లేని ఆరుబయట ఉండడం ఒకటి. చెట్టు కింద ఉండేవానికి లేత చిగురు ఎరుపెక్కడం, పచ్చబడడం, పండి రాలిపోవడం కళ్ళెదుటే కనిపిస్తాయి కనుక, ఏదీ నిత్యం కాదన్న సత్యం వానికి పాఠంగా కాక దృశ్యంగా అందుతుంది. అదే గ్రంథం ధ్యానానికి అనుకూలం కాని విహారాల దోషాలు పద్దెనిమిదింటిని కూడా లెక్కిస్తుంది. నగరం దగ్గర ఉండడం దోషం, రేవు పట్టణం దగ్గర ఉండడం దోషం. అంతేకాదు, పూలచెట్లు, పండ్లతోటలు ఉండడం కూడా దోషమే, ఎందుకంటే కోసుకునేవారు వస్తారు, గోల మొదలవుతుంది. ప్రకృతి అందంగా ఉన్నంత మాత్రాన అక్కడ శాంతి ఉండదని ఆ ఆచార్యుడు పదిహేను వందల ఏళ్ళ క్రితమే గమనించాడు. ఈ లెక్కన నగరమూ రేవూ అయిన మన సూరత్‌కు రెండు దోషాలు ఉన్నట్టే.

మరి మనవంటివారికి దారి లేదా? ఉంది. స్మృతిని అభ్యసించేవాడు అడవికి గాని, చెట్టు మొదటికి గాని, ఖాళీ ఇంటికి గాని వెళ్ళి కూర్చోవచ్చునని సుత్తాలు చెబుతాయి. ఆ మూడవ చోటును మనం మరువకూడదు. అడవి అందనివారికి చెట్టు, చెట్టు అందనివారికి ఖాళీ గది. అడ్డంకులను గురించి చెప్పేటప్పుడు బుద్ధఘోషుడు పలిబోధలు అనే పది చిక్కులను పేర్కొంటాడు. నివాసం, కులకుటుంబాలతో పరిచయం, లాభం, కట్టడపు పని, ప్రయాణం, బంధువులు, రోగం వంటివన్నీ అందులో ఉన్నాయి. అవి చెడ్డవని కాదు, మనసు వాటికి చుట్టుకుంటుందని భావం. నిత్యక్రమం తెగినప్పుడు మనం పడే బాధలో కష్టం ఎంత, ఆ చుట్టరికం ఎంత అని వేరు చేసి చూడడం నేర్పేదే సాధన. కోశాంబి మరాఠీలో రాసిన సమాధిమార్గం అనే పుస్తకం ఈ విషయాన్నే గృహస్థులకు అర్థమయ్యేలా వివరించింది. 1922 నుంచి 1925 వరకు ఆయన అహ్మదాబాదులోని గుజరాత్ విద్యాపీఠంలో ఆచార్యులుగా ఉన్నారు.

రాబోయే భయాలు

1912లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో కోశాంబి ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. రాజస్థాన్‌లోని బైరాట్ వద్ద దొరికి, ప్రస్తుతం కోల్‌కతా ఏషియాటిక్ సొసైటీలో ఉన్న అశోకుని శాసనం ఒకటుంది. అందులో భిక్షు భిక్షుణులు, ఉపాసక ఉపాసికలు తరచుగా వినవలసిన ఏడు ధర్మపాఠాలను చక్రవర్తి పేర్కొన్నాడు. అవి త్రిపిటకంలో ఏ సుత్తాలు అన్నది ఆ వ్యాసంలోని విచారణ. ఆ ఏడింటిలో ఒకదాని పేరు అనాగత భయాలు, అంటే రాబోయే భయాలు.

అంగుత్తర నికాయంలో ఆ పేరుకు సరిపడే సుత్తాలున్నాయి. వాటిలో ఒకటి ఐదు భయాలను చెబుతుంది. ముసలితనం, రోగం, కరువు, కల్లోలం, సంఘంలో చీలిక. కరువు వస్తే జనం తిండి దొరికే చోటికి వలసపోతారు, అక్కడ గుంపులుగా కిక్కిరిసి బతుకుతారు, ఆ రద్దీలో ధర్మాన్ని మనసుకు తెచ్చుకోవడం తేలిక కాదు. కల్లోలం వస్తే జనం బండ్లెక్కి ఊళ్ళు విడిచిపోతారు, అప్పుడూ అంతే. కాబట్టి ఇవేవీ రాకముందే, ఒంట్లో బలం, ఊళ్ళో బియ్యం, ఇరుగుపొరుగున సఖ్యత ఉన్నప్పుడే, అవి వచ్చిన తరువాత కూడా నిలిచే శాంతిని సంపాదించుకోవాలని ఆ సుత్తం భావం.

ఈ సుత్తాన్ని చదివినప్పుడు మాకు మన నగరమే కనిపిస్తుంది. కరువు నేల విడిచి తిండి దొరికే చోటికి వచ్చి, ఒక్కొక్క గదిలో ఎనిమిది పది మంది కిక్కిరిసి బతికిన తరం మనది. 1994లో, 2020లో మూటలతో కదిలిన జనం మనమే. రెండు వేల ఏళ్ళ క్రితం చక్రవర్తి రాతి మీద చెక్కించి మరీ వినమన్న పాఠం, చక్రవర్తుల కంటే వలస కూలీలకే ఎక్కువ అవసరమైనది. దాని సారం ఒక్కటే. వరద వచ్చిన రోజున ఈత నేర్వలేము. మనసుకు నిలకడ నేర్పవలసినది మగ్గం ఆడుతున్న రోజులలోనే.

ఉప్పు, జైలు, పరేల్

కోశాంబి జీవితం ఇక్కడితో గ్రంథాలయంలో స్థిరపడలేదు. 1929లో ఆయన లెనిన్‌గ్రాడ్ వెళ్ళి షెర్బాట్‌స్కీ పండితుని బౌద్ధ విద్యాసంస్థలో పనిచేశారు. 1930లో దేశానికి తిరిగి వచ్చేసరికి ఉప్పు సత్యాగ్రహం ఆరంభమవుతున్నది. ఏప్రిల్ మొదటి తేదీన దండి యాత్ర మన సూరత్ చేరింది, ఆరవ తేదీన అప్పటి సూరత్ జిల్లాలోని దండి తీరాన గాంధీజీ ఉప్పు తీశారు. యాభై మూడేళ్ళ పాళీ ఆచార్యుడు కోశాంబి కొంకణ తీరంలోని శిరోడా ఉప్పు సత్యాగ్రహంలో దిగారు, విలేపార్లే శిబిరంలో బాధ్యత వహించారు, జైలుకు వెళ్ళారు. గుహలో కూర్చొనడం తెలిసినవానికి జైలుగది భయం గొలిపే చోటు కాదు. కాని ఆయన గొప్పతనం జైలు భరించడంలో లేదు. గుహలో నేర్చినది దాచుకొనక, దానితో ప్రజల కష్టం మధ్యకు రావడంలో ఉంది.

1937లో బొంబాయిలోని పరేల్ ప్రాంతంలో, నూలు మిల్లుల కార్మికుల నడుమ, బిర్లాల విరాళంతో ఒక విహారం వెలిసింది. దానికి కోశాంబి పెట్టిన పేరు బహుజన విహారం. అరణ్యం వెతుక్కుంటూ సగాయింగ్ దాకా పోయిన మనిషి, అరవై ఏళ్ళ వయసులో మిల్లు సైరన్ల మధ్య బుద్ధ విహారాన్ని కోరుకున్నారు. మగ్గాల నగరంలో సంఘం నడుపుతున్న మాకు ఆయన జీవితంలో అన్నిటికంటే స్ఫూర్తినిచ్చే ఘట్టం ఇదే.

1940లో వెలువడిన ఆయన మరాఠీ గ్రంథం భగవాన్ బుద్ధ, తరువాత సాహిత్య అకాడమీ ద్వారా అనేక భారతీయ భాషలలోకి వెళ్ళింది. ముసలివానిని, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథకు పాత సుత్తాలలో ఆధారం లేదని, శాక్య కోలియుల నడుమ ఆయుధాలు లేచిన కలహమే ఆ త్యాగానికి నేపథ్యమని ఆయన ప్రతిపాదించారు. బాబాసాహెబ్ తన బుద్ధుడు, ఆయన ధమ్మం గ్రంథంలో రోహిణీ నదీజలాల వివాదాన్ని గృహత్యాగానికి కారణంగా చూపినప్పుడు, ఆ దారిలో ముందు నడిచినవారిలో కోశాంబి ఉన్నారు. అంటే ఇల్లు విడిచి అడవికి పోవడం లోకం నుంచి పారిపోవడం కాదు, హింసలో భాగం పంచుకోనని నిరాకరించడం. కోశాంబి రచనలోనూ జీవితంలోనూ మనకు కనిపించే అర్థం ఇదే.

చివరి రోజులు

చివరి సంవత్సరాలలో ఆయనను వ్యాధి పీడించింది. ఇతరులకు భారమై బతకరాదని, ఆహారం విడిచి దేహాన్ని వదలాలని సంకల్పించారు. తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని దోహ్రీఘాట్‌లో, సరయూ ఒడ్డున, మొదటిసారి ఉపవాసం పూనినప్పుడు గాంధీజీ వారించారు. తరువాత సేవాగ్రామ్ ఆశ్రమం చేరి, అక్కడ ఉపవాస దీక్షలో 1947 జూన్ 4న కన్నుమూశారు. స్వాతంత్ర్యం అప్పటికి రెండున్నర నెలల దూరంలో ఉంది.

ఈ అంత్యఘట్టాన్ని మేము ఆదర్శంగా చూపడం లేదు. పార్శ్వనాథుని చాతుర్యామ ధర్మం మీద పుస్తకం రాసిన ఆయన, ఈ విషయంలో జైన సంప్రదాయానికే చేరువయ్యారు. బుద్ధుడు చూపిన మధ్యమమార్గంలో వృద్ధులను, రోగులను సేవించడం సంఘధర్మం. రోగి తనను తాను భారమని తలచనవసరం లేని సంఘాన్ని నిర్మించడం మన బాధ్యత. ఆయన కడపటి రోజులలోని ప్రశాంతతను గౌరవిస్తూనే ఈ భేదాన్ని చెప్పుకోవడం ఆయనకు అగౌరవం కాదు. గ్రంథాన్ని కూడా ప్రశ్నించి చదివిన పండితుడాయన.

ఆయన జీవితమంతటినీ చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అలవాటైన ఇల్లు తెగింది, అడవి దొరికింది. అడవి కూడా అలవాటు కాకముందే దానిని విడిచి జనంలోకి వచ్చారు. ప్రకృతి ఆయనకు ఆశ్రయం కాదు, పాఠశాల. పాఠశాలలో చదువు పూర్తయ్యాక అక్కడే నివాసం ఉండరు కదా.

సూరత్‌లోని ఉపాసక ఉపాసికలకు మా విన్నపం ఇంతే. మనకు సగాయింగ్ కొండలు లేవు. తాపీ ఒడ్డు ఉంది, వేప చెట్టుంది, షిఫ్టు మారే వేళ కాసేపు ఖాళీ అయ్యే గది ఉంది. మగ్గాలు నడుస్తున్న ఈ రోజులలోనే రోజుకు పావుగంట అక్కడ శ్వాసను గమనిస్తూ కూర్చుందాం. ఇంటి ఆడవారికి ఆ పావుగంట దొరికేలా వంటలో, పిల్లల పనిలో మగవారు చేయి వేద్దాం. బాలాబాయి మోసిన భారం మన ఇళ్ళలో మరొకరు ఒంటరిగా మోయకూడదు. నలుగురు కలిసి ఒక కష్టకాలపు నిధి, ఒక బియ్యపు నిల్వ సిద్ధం చేసుకుందాం, ఎందుకంటే ఆకలితో ఉన్నవానికి ముందు అన్నం పెట్టించి ఆ తరువాతే ధర్మం చెప్పిన శాస్తకు మనం శిష్యులం. మరల ఎప్పుడైనా ఈ నగరంలో మగ్గాలు ఆగితే, ఆ నిశ్శబ్దం మనకు పరిచయమైనదై ఉండాలి.

భవతు సబ్బ మంగళం.